మోకు మీద డైరెక్టరుగారు

ఒక డైరెక్టరుగారిని, ఒక సీమ త్రాసును, మా నాయన పరువును ఒకే ఒక్క పాటతో నేల మీద పడేసిన గాయకుణ్ణి నేను. పాట పాడి వానలు కురిపించినవాళ్లు ఉన్నారంటారు, దీపాలు వెలిగించినవాళ్లు ఉన్నారంటారు. నేను పాడితే ఏమైందో చెబుతాను. కాస్త దూరంగా కూర్చుని వినండి, మాటల మధ్యలో కూనిరాగం తీసే అలవాటు నాకింకా పోలేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆఫీసులు డేరాల్లో నడిచేవి. పై చదువు కోసం నా ఇంటర్వ్యూ కూడా డేరాలోనే జరిగింది. గాలికి డేరా గుడ్డ టపటపా కొట్టుకుంటుంటే వాళ్ల ప్రశ్నల్లో సగం నాకు వినబడలేదు, నా జవాబుల్లో సగం వాళ్లకు వినబడలేదు. అందుకే నాకు సీటు వచ్చిందని తర్వాత నాకు జతగాడైన ఖాదర్ అనేవాడు. నేను కాదనలేదు.

ఆ చదువు కూడా మామూలు చదువు కాదు. మద్రాసు నుంచి వచ్చిన మా పరిశోధన సంస్థ డైరెక్టరుగారికి ఒక నమ్మకం ఉండేది. ఇంజనీరింగు చదివినవాడికి ప్రాణమున్న వాటి సంగతి తెలియదు, ప్రాణుల గురించి చదివినవాడికి యంత్రాల సంగతి తెలియదు, ఇద్దరినీ ఒకే కాడికి కట్టి దున్నిస్తే కొత్త శాస్త్రం మొలుస్తుంది అని. కాబట్టి ఆరుగురిని ఏరి మూడు జతలు కట్టారు. నాలుగేళ్లు కలిసి పరిశోధన చేస్తే డాక్టరేటు. అయితే మొదటి ఏడాది ఆఖర్న పెద్దల ముందు ఏదో ఒకటి చేసి చూపించాలి. చూపించలేనివాడు పెట్టె సర్దుకోవాలి.

పెట్టె సర్దుకోవడానికి నాకు అభ్యంతరం లేదు గానీ, ఆ పెట్టెతో బేతంచెర్ల స్టేషన్లో దిగాలి కదా. మా నాయన అక్కడ నాపరాళ్ల గనిలో మేస్త్రీ. నాకు సీటు వచ్చిన రోజే "మావాడు డాకటరు అవుతాండాడు" అని గనిలో అందరికీ చెప్పేశాడు. ఏ డాక్టరో ఆయన చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. పండక్కి ఇంటికి వెళితే వాకిట్లో ముసలమ్మలు నాలుకలు చాపి కూర్చునేవారు. "నేను ఆ డాక్టర్ని కాదవ్వా" అంటే, "ఇంగా పూర్తి కాలేదులేప్పా, తెలుసు. అయినంత కాడికే చూడు" అనేవారు. అలాంటి ఊరికి సగం డాక్టరుగా తిరిగి వెళ్లడం కంటే గనిలో దూకడం మేలనిపించేది.

నేను ఇంజనీరును. నా జతగాడు ఖాదర్ కర్నూలు మనిషి, పశువుల డాక్టరు. మమ్మల్ని మైదుకూరు దగ్గర ఒక పల్లెకు పంపారు. మాకిచ్చిన పని, కపిల తోలే ఎద్దుల బలం ఎంతో తేల్చడం. కపిల ఎరగని ఈ కాలం పిల్లల కోసం రెండు ముక్కలు. బావి ఒడ్డున గిలక ఉంటుంది. దాని మీదుగా పోయే లావుపాటి తాడును మోకు అంటారు. మోకు ఒక కొసకు తోలు బాన, రెండో కొసకు ఎద్దుల కాడి. ఎద్దులు ఏటవాలు బాట మీద కిందికి దిగితే నిండు బాన పైకొచ్చి నీళ్లు కాలువలో పడతాయి. ఎద్దులు వెనక్కి అడుగులేస్తూ ఎక్కితే ఖాళీ బాన బావిలోకి దిగుతుంది. ఎద్దులు దిగేటప్పుడు తోలే మనిషి తన బరువు కూడా సాయంగా మోకు మీద కూర్చుంటాడు. కూర్చుని పాడతాడు.

మాకు దొరికిన రైతు పెద్ద ఓబన్న. ఆయన గొంతు బావిలో పడితే అడుగున తాబేళ్లు కూడా తల ఎత్తేవని ఊళ్లో చెప్పుకునేవారు. నేను మోకుకూ కాడికీ మధ్య ఒక స్ప్రింగు త్రాసు బిగించాను. ఇంగ్లండు సీమ నుంచి ఓడలో వచ్చిన సరుకు, మొత్తం పథకానికి అదొక్కటే. ఎద్దులు ఎంత బలంగా లాగితే దాని ముల్లు అంత దూరం జరిగి, రోజులోకల్లా పెద్ద లాగుడు దగ్గర నిలిచిపోతుంది. కాబట్టి రోజంతా ఎండలో నిలబడాల్సిన పని నాకు లేదు. పొద్దువాలి ఎద్దుల్ని విడిచే వేళకు వెళ్లి, ముల్లు ఎక్కడుందో చూసి పుస్తకంలో రాసుకుంటే చాలు. ఖాదర్ మాత్రం పొద్దున్నుంచీ అక్కడే ఉండేవాడు. చెవుల్లో స్టెతస్కోపు గొట్టాలు పెట్టుకుని ఎద్దుల గుండెలు వింటూ ఉండేవాడు. ఎద్దు పుండు కాకికి ముద్దయితే, ఎద్దు గుండె మా ఖాదరుకు ముద్దు.

ఈ రెండు సంగతులూ గుర్తు పెట్టుకోండి. నేను వెళ్లేది విడిచే వేళకు. వాడి చెవులకు ఎప్పుడూ బిరడాలు. ఇంజనీరింగూ జీవశాస్త్రమూ కలిసి చేసిన ఘనకార్యం ఇదే.

ఎనిమిది నెలలకు మా ఇద్దరికీ జ్ఞానోదయం అయింది.

"ఓబన్న మోకు మీద కూర్చుంటే అందులో ఆయన బరువు కలుస్తాండాది. ఇంక ఎద్దుల అసలు బలం ఎంతో ఎట్ల తెలుస్తాది?" అన్నాను.

"ఆయప్ప పక్కన ఉంటే ఎద్దుల గుండె కొట్టుకునేది కూడా మారుతాండాది భాయ్. మనిషిని తీసేయాల" అన్నాడు ఖాదర్.

తీసేశాం. పెద్దలు వచ్చే రోజుకు ముందు సాయంత్రం ఓబన్న దగ్గరికి వెళ్లి, నాపరాయిని గీత గీసి కోసినట్టు చెప్పాను. "ఓబన్నా, రేపు నువ్వు అవసరం లేదు. ఎద్దులుంటే చాలు."

ఆయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "నేను ల్యాకుండా ఎద్దులు ఎట్ల పోతాయప్పా?"

"నడిచేది ఎద్దులు కదా, నువ్వు కాదు కదా."

"అదీ నిజమే" అన్నాడు ఓబన్న చాలా మర్యాదగా. ఆ మర్యాద చూసైనా నేను భయపడి ఉండాల్సింది. చదువుకున్నవాడికి ఎదురు చెప్పకుండా ఊరుకోవడంలో మా రాయలసీమ రైతు ఎంత తిడతాడో నాకప్పటికి తెలియదు.

మర్నాడు డైరెక్టరుగారు ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని జీపులో దిగారు. తెల్లటి పంచె, తెల్లటి కోటు, తల మీద టోపీ. ఓబన్న భార్య నాగమ్మ ఎద్దుల్ని తోలుకొచ్చి, కాడి కట్టి, కొంగు బిగించి పక్కన నిలబడింది.

"ఓబన్న యాడికి పోయినాడు?" అని మెల్లగా అడిగాను.

"నువ్వు వద్దంటివంట గదప్పా. బద్వేలులో మా చిన్నాయన మనవరాలి పెండ్లి ఉంటే పోయినాడు."

నేను గొంతు సవరించుకుని పెద్దలకు ఉపన్యాసం ఇచ్చాను. బలం, భారం, వాలు, ఒరిపిడి, ఏదీ వదల్లేదు. ఖాదర్ గుండె గురించి చెప్పాడు. చివరికి నేను చెయ్యెత్తి "హై" అన్నాను.

ఎద్దులు కదల్లేదు.

చప్పట్లు కొట్టాను. తోకలు ముట్టుకున్నాను. ఒక ఎద్దు తల తిప్పి, మా కాలేజీలో లెక్కల సారు నన్ను చూసినట్టే చూసింది. పాడలేనివాడు ఎద్దుకు చెవుడన్నాడట గానీ, అప్పటికింకా పాట సంగతి నా బుర్రకు తట్టనే లేదు. నా వీపు మీద చెమట కాలువ కట్టింది. బేతంచెర్ల స్టేషనూ, నాలుకలు చాపిన ముసలమ్మలూ కళ్ల ముందు ఆడారు.

"ఏమైంది?" అన్నారు డైరెక్టరుగారు.

ఇంజనీరు బుర్ర ఊరుకుంటుందా. "బరువు లోపం సార్. రోజూ మోకు మీద మనిషి కూర్చుంటాడు. ఇవాళ ఆ బరువు తగ్గేసరికి ఎద్దులు తికమక పడుతున్నాయి" అన్నాను. ఓబన్నను తీసేయాలన్న మహానుభావుణ్ణి నేనేనన్నది అప్పటికి మరిచిపోయాను.

డైరెక్టరుగారి కళ్లు మెరిశాయి. ఆయనకు ఏ పనైనా స్వయంగా చేసి చూడటమంటే సరదా. "నేను కూర్చుంటాను. ప్రయోగమంటే అదేనయ్యా" అంటూ పంచె ఎగ్గట్టి, మోకు మీద కాలు వేసి, గుర్రమెక్కినంత దర్జాగా కూర్చున్నారు. పెద్దమనుషులిద్దరూ చప్పట్లు కొట్టారు.

అయినా ఎద్దులు కదల్లేదు.

అప్పుడు జీవశాస్త్రం ముందుకొచ్చింది. ఖాదర్ నా చెవిలో అన్నాడు. "భాయ్, ఓబన్న రోజూ నోరు ఆడిస్తా ఉంటాడు గదా. ఏందో పాడతాడు అనుకుంటా. నువ్వు పాడు."

"నువ్వే పాడు. రోజంతా ఈడనే ఉంటివి."

"నా చెవుల్లో గొట్టాలు గదా. ఎద్దు గుండె తప్ప ఒక్క పదం వినలేదు నేను. నీకేమన్నా వచ్చునా?"

వచ్చు. ఒకే ఒక్క పాట వచ్చు. రోజూ నేను వెళ్లే వేళకు ఓబన్న పాడే పాట అదే. ఎనిమిది నెలలు విని విని నోటికి వచ్చేసింది. నాగమ్మ ఏదో చెప్పబోయింది. "నువ్వుండమ్మా" అన్నాను. అన్నీ తెలిసినవాడికి ఎవరి మాట వినాల్సిన ఖర్మ ఉండదు కదా.

కళ్లు మూసుకుని ఎత్తుకున్నాను.

"పొద్దు వాలే బసవన్నా, పోదాము రారన్నా,
గాటి కాడ సొప్ప ఉండాది, మేద్దాము రారన్నా..."

నవ్వకండి. పాటకు అర్థం నాకు తెలియక కాదు. ఎద్దులకు తెలుసని తెలియక.

మొదటి పాదం ముగిసేలోగా చెవులు నిక్కబొడుచుకున్నాయి. రెండో పాదానికి కదిలాయి. "కదిలాయి" అని ఒక పెద్దమనిషి సంతోషంగా అన్నాడు. ఆ ఉత్సాహంలో నేను గొంతు పెంచాను. ఎద్దులు అడుగు పెంచాయి. రోజూ ఆగే చోటు దాటాయి. బాన పైకొచ్చి గిలకకు కొట్టుకుని బిగుసుకుపోయింది. ఇంటికి పోవాలన్న ఎద్దుల పట్టుదల మాత్రం బిగుసుకోలేదు.

"ఆపవయ్యా" అన్నారు డైరెక్టరుగారు. మోకు అప్పటికి వీణ తీగలా బిగిసి, ఆయన కాళ్లు నేలకు అందడం లేదు.

ఎలా ఆపాలి? ఆపే పాట నాకు రాదు. వచ్చినదాన్నే ఇంకా గట్టిగా పాడాను.

టంగుమని చప్పుడైంది. సీమ త్రాసు కొక్కెం సాగి ఊడింది. డైరెక్టరుగారు ఒక మూర పైకి లేచి, రెండు మూరలు పక్కకు వెళ్లి, ఎర్రమట్టిలో కాళ్లు చాపుకుని కూర్చున్నారు. బాన ధబీమని బావిలో పడుతూ మోకునూ త్రాసునూ వెంట లాక్కుపోయింది. టోపీ కూడా వాటి వెనకే దొర్లుకుంటూ వెళ్లి బావిలోకి దిగింది. ఎద్దులు మాత్రం కాడితో, కొక్కెంతో, ఏ తొందరా లేకుండా ఊరి దారి పట్టాయి.

నాగమ్మే మొదట నోరు తెరిచింది.

"అది ఇంటికి పొయ్యే పాటప్పా. అది పాడితే మా ఎద్దులేంది, మా ఆయన కూడా నిలబడడు."

డైరెక్టరుగారు లేచి కోటు దులుపుకున్నారు. నిజం చెబుతున్నాను, నాకు మా నాయన మొహం తప్ప ఇంకేమీ కనబడటం లేదు. బావిలోంచి త్రాసును తీయించి నాకందిస్తే, దాని ముల్లు చివరి గీత దగ్గర నిలిచిపోయి ఉంది. ఎనిమిది నెలల్లో ఏ రోజూ అది ఆ గీత దరిదాపులకు వెళ్లలేదు.

డైరెక్టరుగారు దాన్ని నా చేతిలోంచి తీసుకుని చూశారు. "ఎద్దుల అసలు బలం ఎంతో ఇవాళ తేలిందయ్యా. అది దేనికోసం లాగితే వచ్చిందో మాత్రం మీ ఇద్దరి పుస్తకాల్లోనూ లేదు" అన్నారు. తర్వాత, "నిన్ను ఇంటికి పంపను. మొదటి ఏడాది మళ్లీ చెయ్యి. ఈసారి నీ గురువు నేను కాదు, ఓబన్న. ఖాదర్, నువ్వు ఆ గొట్టాలు చెవుల్లోంచి తియ్యి" అన్నారు.

బద్వేలు నుంచి వచ్చిన ఓబన్న అంతా విని నవ్వలేదు. "కూచో" అని మోకు చూపించాడు. ఆ ఏడాదంతా తెల్లవారుజామున నేను ఆయన వెనక మోకు మీద కూర్చుని పాటలు నేర్చుకున్నాను. బాన ముంచే పాట, దిగే పాట, ఆగే పాట, వెనక్కి ఎక్కే పాట. ఏ మాటకు ఎద్దు ఏ అడుగు వేస్తుందో, ఏ మాట దగ్గర దాని గుండె నెమ్మదిస్తుందో ఖాదర్, నేను కలిసి రాసుకున్నాం. మా డాక్టరేటుకు అదే ఆధారమైంది. చివరి పరీక్షలో పెద్దలు నన్ను ప్రశ్నలేమీ అడగలేదు. పాడమన్నారు. ఏ పాటో ముందుగా అడిగి తెలుసుకుని పాడాను. బేతంచెర్ల ముసలమ్మలకు మాత్రం నా డాక్టరేటు ఎందుకూ పనికిరాలేదు. "ఎద్దులకు పాటలు పాడే డాకటరంట" అని నాలుకలు లోపలికి తీసుకున్నారు. మా నాయన ఒక్కడే, ఆ మాట ఎవరన్నా తలెత్తి "అవును" అనేవాడు.

ఇప్పుడు ఆ బావి మీద కరెంటు మోటారు ఉంది. మీట నొక్కితే నీళ్లొస్తాయి, దానికి పాట అక్కర్లేదు. ఓబన్న లేడు. ఖాదరూ లేడు. నాకు మాత్రం ఎక్కడైనా మోటారు చప్పుడు వినబడితే, దీనికి పొద్దువాలిందని ఎవరు చెబుతారు పాపం అనిపిస్తుంది. సంజె వేళ అరుగు మీద కూర్చున్నప్పుడు ఆ పాట దానంతటదే నోటికి వస్తుంది. మొదటి పాదం దాకా పాడి ఆపేస్తాను. రెండోది పాడితే నేను కూడా లేచి ఆ ఊరి దారి పడతానేమోనని భయం.

కాబట్టి పాఠకులారా, బావిలో మునిగిన ఆ టోపీ సాక్షిగా, ఊడిన కొక్కెం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మోకు మీద పెద్దమనిషి కూర్చుని ఉండగా ఇంటికి పోయే పాట ఈ జన్మలో పాడను. తప్పనిసరై పాడాల్సి వస్తే, ముందు ఆయన ఇల్లు ఏ దిక్కునుందో కనుక్కుని ఎద్దుల్ని అటు తిప్పి మరీ పాడతాను.