పేరు లేని నంబరు

షంషాబాద్ బస్టాండు దగ్గర నాకు ఫ్లెక్సీల షాపు ఉంది. పైన ఒక గది. ఆ గదిలో కూర్చుని షెకీనా వెబ్‌సైట్లు చేస్తుంది. ఒక్క ముక్కలో చెప్పేశాను గానీ, అందులో పని పావు వంతైతే, చేయించుకునేవాళ్ళతో పడే బాధ ముప్పావు వంతు. ఆ బాధంతా మెట్లు దిగి నా షాపులోకే వస్తుంది. అందుకే చెబుతుంటే నాకింత చిరాకు.

కార్లు కిరాయికి ఇచ్చే ఒకాయన, తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకు విమానం ఎగరాలన్నాడు. ఎగిరించింది. "గింత చిన్నగనా?" అన్నాడు. పెద్దది చేసింది. ఇప్పుడా విమానం సరిగ్గా ఫోన్ నంబరు మీద నుంచే పోతుంది. అది దాటిపోయేదాకా నంబరు కనబడదు. ఆయన మాత్రం మురిసిపోయాడు. మంఖాల్ వైపు ప్లాట్లు అమ్మే ఇంకొకాయన, సైటంతా తిప్పి తిప్పి చూసి, వంక పెట్టడానికి ఏమీ దొరక్క, "అంత మంచిగనే ఉన్నది గని, ఏదో కమ్మి అనిపిస్తున్నది" అని వెళ్ళిపోయాడు. అదేమిటో ఆయనకూ తెలియదు. పైగా రోజూ ఫోన్ చేసి, "దొరికిందా బిడ్డా?" అని అడుగుతాడు.

నేనైతే ఫోన్లోనే నాలుగు తిట్టేవాణ్ణి. షెకీనా తిట్టదు. "సరే అన్నా, చేస్త" అంటుంది. ఆ ఓపిక చూస్తే నాకు ఆ గిరాకీల మీదకంటే ఆ పిల్ల మీదే ఎక్కువ కోపం వస్తుంది.

వాళ్ళ నాన్న మత్తయ్య ఎయిర్‌పోర్టు రోడ్డు మధ్యలో ఉండే పూలమొక్కలకు నీళ్ళు పట్టే పనిలో ఉన్నాడు. షెకీనా డిగ్రీ చదివి, కంప్యూటర్ కోర్సు చేసి, కొన్నాళ్ళు సిటీలో ఒక కంపెనీకి వెళ్ళింది. పొద్దునా సాయంత్రం ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగిన బస్సులో నిలబడి నిలబడి విసిగిపోయి, ఆ ఉద్యోగానికి దండం పెట్టి, వచ్చి నా పై గదిలో దిగింది. మత్తయ్యకు అది మింగుడు పడలేదు. ఎయిర్‌పోర్టులో ఒక కార్గో ఆఫీసు సారును పట్టుకుని కూతురికి ఉద్యోగం మాట్లాడి పెట్టాడు. ఒకనాడు నా షాపుకొచ్చి, కూతురు పై నుంచి వింటుందని తెలిసి మరీ గట్టిగా అన్నాడు.

"ఇంటి ముంగటికి కాబ్ వస్తది, తిండి వాళ్లదే, ఏసీల కూసొని పని. అది ఇడ్సిపెట్టి గీ పరేషాన్ ఎందుకు నరేందర్? ఈ పెండ్లిళ్ల సీజన్ అయ్యేదాంక చూస్త. గప్పటికి దీని పని నిలవడితె సరే. లేకుంటె గది ఖాళీ చేపిస్త."

పని నిలబడుతుందా లేదా అన్నది ఆ రోజుల్లో ఒక్క సైటు మీదే వేలాడుతోంది. అది సాతంరాయిలో కుర్మయ్య గార్డెన్స్ ఫంక్షన్ హాలుది. అనంతయ్య, ఆయన తమ్ములు తమ తండ్రి కుర్మయ్య పేరు మీద కట్టించిన హాలు. బెంగళూరు హైవే పొడుగునా ఉన్న హాళ్ళ వాళ్ళంతా, "అనంతయ్యకు గిరాకి వస్తె మేము గూడ చేపిస్తం" అని కాచుకుని కూర్చున్నారు. అనంతయ్యను షెకీనా దగ్గరికి తీసుకెళ్ళింది నేనే. ఆ పుణ్యం నాదే.

ఆయన వచ్చీ రాగానే సంచీలోంచి ఫోటోలు తీశాడు. హాలు ఫోటోలు అనుకునేరు. చుట్టాలవి! మా వైపు ఫ్లెక్సీ ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. బోనాలకైనా పుట్టినరోజుకైనా పైన పెద్దలు, పక్కన తమ్ములు, కింద అల్లుళ్ళు, మిగిలిన జాగాలో అసలు విషయం. వెబ్‌సైటూ అలాగే ఉండాలన్నాడు అనంతయ్య. "పెద్దల ఫోటోలు లేకుంటె ఊర్ల తిరుగనిస్తరా బిడ్డా?" అన్నాడు. పెట్టింది. పైన దండ వేసిన కుర్మయ్య, ఆయన కింద అనంతయ్య, తర్వాత తమ్ములు, ఆ తర్వాత అల్లుళ్ళు. రెండో అల్లుడి మొహం పెద్దల్లుడి మొహం కంటే వెంట్రుకవాసి పెద్దగా ఉందని ఒక పంచాయితీ. అది తెగ్గొట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. హాలు చూడాలంటే ఈ బలగాన్నంతా దాటుకుని కిందికి రావాలి, నిజం పెళ్ళిలో భోజనాల దగ్గరికి పోయినట్టే.

ఫోన్ నంబరు దగ్గర అసలు పేచీ వచ్చింది. బుకింగులన్నీ చూసేది చిన్న తమ్ముడు మల్లేశ్వర్. "మల్లేశన్న నంబర్ పెడ్దాం బాపు" అంది షెకీనా అనంతయ్యతో. ఆయన కుర్చీలోంచి లేచాడు.

"అన్న ఉండంగ తమ్ముని నంబర్ పెడ్తరా? జనం ఏమనుకుంటరు? అన్నదమ్ములు వేరువడ్డరు, హాలు తమ్ముని చేతుల వడ్డది అనుకోరా?"

మల్లేశ్వర్ కూడా, "అన్నదే పెట్టు చెల్లె, నాకు గా లొల్లి వద్దు" అన్నాడు. అనంతయ్య నంబరే పెట్టారు, అదీ తాటికాయంత అక్షరాలతో.

మంచి రోజు చూసి సైటు మొదలుపెట్టారు. అనంతయ్య భార్య రుక్కమ్మ ల్యాప్‌టాప్‌కు పసుపు, కుంకుమ పెట్టింది. కొబ్బరికాయ మాత్రం దూరంగా కొట్టండని షెకీనా బతిమాలుకుంది. మత్తయ్య కూడా వచ్చి ఓ మూల నిలబడి ప్రార్థన చేసుకున్నాడు. అన్ని వైపుల నుంచీ ఆశీర్వాదాలు అందిన సైటది.

ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి, హాలు ఖాళీగా ఉంది. అనంతయ్య ఏ టీ కొట్టు దగ్గర కూర్చుంటే అక్కడే మొదలుపెట్టాడు. "నా వెబ్‌సైట్ దండుగ. ఒక్కటంటె ఒక్క పెండ్లి ఫోన్ రాలే." ఆ మాట హైవే పొడుగునా పాకింది. చేయిస్తామన్న హాళ్ళవాళ్ళు ఒక్కొక్కరే మొహం చాటేశారు. ఒకాయనైతే నాతోనే, "గా పిల్లకు పని రాదంట గద" అన్నాడు. అప్పుడు నాకు మండింది చూడండి!

మండితే ఏం లాభం? సైటు చూసినవాళ్ళు ఏం నొక్కారో షెకీనా కంప్యూటర్‌లో తెలుస్తుంది. రోజూ ఎవరో ఒకరు ఫోన్ గుర్తు నొక్కుతూనే ఉన్నారు. ఆ మాటే అనంతయ్యకు చెబితే, "నా ఫోన్ మోగితె నాకు తెల్వదా బిడ్డా?" అన్నాడు. నంబరు సరిగ్గా ఉందా అని షెకీనా తన ఫోన్‌తో చేసి చూసింది. రెండో రింగుకే ఎత్తి, "చెప్పు బిడ్డా" అన్నాడు. నేను చేసినా ఎత్తాడు. ఇంక ఎవర్ని అనాలి? ఆ పిల్ల తన పనినే అనుమానించడం మొదలుపెట్టింది. అన్నం తినే వేళకు కూడా కిందికి రాకుండా, తప్పెక్కడుందో అని గీసిందే గీస్తూ, చెరిపిందే చెరుపుతూ కూర్చుంది. నాకు జాలేసింది, జాలి కంటే ఎక్కువ ఒళ్ళు మండింది.

చివరికి కార్గో ఆఫీసుకు వెళ్ళి సారును కలిసి వచ్చింది. సోమవారం ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఎప్పుడు చేరాలో చెబుతామన్నారట.

ఆ సోమవారం పొద్దున నా దగ్గరికొచ్చి, "అన్నా, జర సాతంరాయి దాంక తీస్కపోతవా? బాపుకు పాస్‌వర్డ్ ఇచ్చేసి వస్త. ఇగ నాతోని గాదు" అంది. మొహంలో ఏడుపు లేదు, కోపం లేదు, ఖాళీగా ఉంది. నాకది నచ్చలేదు. బండి తీశాను.

అనంతయ్య హాలు ముందు మంచం మీద కూర్చున్నాడు. ఫోన్ పక్కనే ఉంది. షెకీనా పాస్‌వర్డ్ రాసిన కాగితం తీసి ఆయన చేతికి ఇవ్వబోతోంది. అంతలో ఫోన్ మోగింది. అనంతయ్య తెర చూశాడు, కట్ చేశాడు, ఇంకా రెండు చోట్ల ఓపిగ్గా నొక్కాడు, పక్కన పెట్టాడు. చీమను నలిపినంత మామూలుగా.

"ఎవరు బాపు?" అంది షెకీనా.

"ఎవడో. పేరు లేదు, ఉత్త నంబరే."

"ఎత్తలేదేంది?"

"పేరు లేనోనితోని మనకేం పని బిడ్డా? మనోళ్లందరి పేర్లు ఫోన్ల ఉన్నయి. కొత్త నంబర్లన్ని దొంగలే. ఎత్తితె బ్యాంకుల పైసలు గుంజుతరంట. నా మనుమరాలు బ్లాక్ చేసుడు నేర్పింది. ఈ నడుమ దినాం వస్తున్నయి, తలకాయ నొస్తున్నది. వచ్చినోన్ని వచ్చినట్టు బ్లాక్ చేస్తున్న." ఆ చివరి మాట కొంచెం గొప్పగానే చెప్పాడు.

షెకీనా ఆ ఫోన్ అందుకుని బ్లాక్ చేసిన నంబర్లు తెరిచింది. వేలితో తోస్తోంది, తోస్తోంది, అవి అయిపోవడం లేదు. సైటు పెట్టిన నాటి నుంచి ఫోన్ గుర్తు నొక్కిన పెళ్ళివాళ్ళంతా అందులో వరసగా పడుకుని ఉన్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు గానీ, ఈయన మద్దెల గొంతే నులిమి మోగడం లేదంటున్నాడు!

అప్పుడు వచ్చింది ఆ పిల్లకు కోపం. ఇన్నాళ్ళూ ఏ గిరాకీ మీదా రానిది, అంతా కట్టగట్టుకుని వచ్చింది.

"పేరు లేనోళ్ల కోసమే గద బాపు వెబ్‌సైట్ చేసింది! ఎరుకున్నోళ్లకు వెబ్‌సైట్ ఎందుకు? నీ పేరు తెల్వనోడు, నీకు పేరు తెల్వనోడు, వాడే గద గిరాకి! నువ్వేమో వాన్ని గేటు కాడికెల్లి ఎల్లగొట్టి, పెండ్లికి ఎవ్వరు రాలేదని ఊరంత నన్ను బద్నాం చేస్తివి!"

అనంతయ్యను ఆ ఊళ్ళో గట్టిగా ఒక మాట అన్నవాళ్ళు లేరు. నాకైతే కడుపు చల్లబడింది. తిడితే ఇంత బాగా తిట్టగల పిల్ల ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకుందో అనిపించింది.

షెకీనా ఆయన ఇందాక కట్ చేసిన నంబరుకే తిరిగి ఫోన్ చేసి, అందరికీ వినబడేలా పెట్టింది. అవతల ఎవరో గుంటూరు వైపు ఆయన.

"కుర్మయ్య గార్డెన్సా అండీ? నాలుగు రోజుల నుంచీ ఇంట్లో ఒక్కొక్కరి ఫోన్‌తో చేస్తున్నామండీ, కట్ చేసేస్తున్నారు. మా వాళ్ళంతా విమానంలో వస్తున్నారు, మీ హాలు దగ్గరని ఆశపడ్డాం. ఆఖరిసారిగా ఇందాక చేశాం. ఇప్పుడే వేరే హాలు మాట్లాడేసుకున్నామండీ."

అనంతయ్య తల దించుకున్నాడు. లోపలి నుంచి రుక్కమ్మ ఎప్పుడొచ్చిందో, వచ్చి షెకీనా చేతిలోని ఫోన్ తీసుకుంది.

"పెండ్లి యాడనన్న చేసుకోర్రి బిడ్డా, మంచిగ కావాలె. మరి రిసెప్షన్ యాడ?" అంది.

అవతల ఆయన తడబడ్డాడు. రిసెప్షన్ ఇంకా ఎక్కడా అనుకోలేదట. రుక్కమ్మ పిల్లవాడేం చేస్తాడో, పిల్లది ఏ ఊరో, విమానం ఎన్ని గంటలకో అన్నీ అడిగింది. తిన్నారా అని కూడా అడిగింది. ఫోన్ పెట్టేసేసరికి వాళ్ళు ఆదివారం హాలు చూడటానికి వస్తామన్నారు.

"నంబర్ ఆయనదే ఉండనియ్యి బిడ్డా, ఇంటికి పెద్దాయన" అంది రుక్కమ్మ షెకీనాతో, ఫోన్ కొంగున ముడేసుకుంటూ. "ఫోన్ నా తాన ఉంటది. ఆయనకు చిన్న ఫోన్ వేరేది కొనిస్త. పేర్లున్నోళ్లతోని ముచ్చట్లు పెట్టుకుంటడు."

అన్న పరువూ పోలేదు, తమ్ముడికి పెత్తనమూ రాలేదు. ఇంత చిన్న ఉపాయం ఎవరికీ తట్టలేదు, నాతో సహా. అనంతయ్య పాస్‌వర్డ్ కాగితం షెకీనాకే తిరిగిచ్చి, "నీ తాననే ఉంచు బిడ్డా" అన్నాడు. ఆయనకు అదే క్షమాపణ.

తిరుగు దారిలో హైవే పక్కన టీకి ఆగాం. గ్లాసులు చేతికి వచ్చాయో లేదో, షెకీనా ఫోన్ మోగింది. ఉత్త నంబరు. పైన విమానం దిగుతున్న మోత. సోమవారం కదా, మా ఇద్దరికీ తెలుసు, అది కార్గో ఆఫీసు నుంచేనని. ఆమె ఆ నంబరును చూస్తూ ఉండిపోయింది. ఇంక ఎత్తదు, అలా మోగనిచ్చి ఊరుకుంటుంది అనుకున్నాను. నేనైతే అదే చేసేవాణ్ణి.

ఎత్తింది.

"నమస్తే సార్. రాలేను సార్. నాకు షాపు ఉన్నది" అంది. అవతలాయన ఏదో అన్నాడు. "లేదు సార్, మంచిగనే ఆలోచించిన" అంది. పెట్టేసింది.

నాకు సంతోషంగానూ ఉంది, భయంగానూ ఉంది. సాయంత్రానికి మత్తయ్య నీళ్ళ పైపు పట్టుకుని నా షాపు మీదికే వస్తాడు. "డాడీకి నువ్వే చెప్పాలె అన్నా" అంది, నా మనసు చదివినట్టే. నేను కాదనేలోపే ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి పేరు కనబడింది, మల్లేశన్న అని. సొంత ఫోన్ రుక్కమ్మ కొంగులో ఉంది కాబట్టి ఆ ఫోన్‌లో మాట్లాడబోయేది అనంతయ్య అని, ఇప్పుడు రుక్కమ్మ ఫోటో కూడా మొదటి పేజీలో పెట్టాలని, దానికి జాగా చేయడానికి అల్లుళ్ళను జరపాలని, ఆ అల్లుళ్ళు మళ్ళీ అలుగుతారని, అంతా నాకు అక్కడికక్కడే తెలిసిపోయింది. షెకీనాకూ తెలిసే ఉంటుంది.

ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టింది. అది మోగుతూనే ఉంది.

"చాయ్ సల్లారిపోతది అన్నా, ముందుగాల తాగు" అంది.