పుల్ల తీయని గ్రాడ్యుయేట్

మా ఇంట్లో మొట్టమొదటి డిగ్రీ నాదే. అంబాజీపేటలో బస్సు దిగి, ఇంటికైనా వెళ్లకుండా పిన్నిగారి టిఫిన్ కొట్లో దూరాను. మూడేళ్లు హాస్టల్ ఇడ్లీ తిన్న నోటికి పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు కావాలి మరి. ఫస్ట్ క్లాసని కొట్టంతా చాటుతూ ఆకు వలిచాను. ఆకులు కుట్టిన ఈనెపుల్ల లోపలే ఉండిపోయింది. కొరికితే అంగిట్లో దిగింది.

పిన్నిగారే నోరు తెరిపించి లాగేరు.

"ఫస్ట్ క్లాసే కదమ్మా?"

"ఆయ్."

"పుల్ల తీసి తినాలని ఏ క్లాసులో చెప్తారండీ?"

కొట్టంతా నవ్వింది. ఆ కబురు నాకన్నా ముందే ఇల్లు చేరింది. అమ్మ నా అంగిలి చూశాకే మార్కుల కాగితం అడిగి, చదవడం రాకపోయినా చాలాసేపు చూసింది.

ఊళ్లో ఇప్పుడు నన్ను పుల్ల మింగిన పిల్ల అంటున్నారు. అననివ్వండి. వాళ్లందరి మధ్యా డిగ్రీ ఉన్న పిల్లని నేనొక్కదాన్నే.