తలుపు లేని దుకాణానికి తాళం

ఇస్త్రీ అక్క దుకాణానికి మూడే గోడలు. నాలుగో వైపు వీధి. మూడంతస్తుల భవనం మెట్ల కింద మిగిలిపోయిన మూలలో ఒక బల్ల, దాని మీద నాలుగు మడతలేసిన పాత దుప్పటి, పైనుంచి వేలాడే వైరు, ఆ వైరుకు ఇస్త్రీ పెట్టె. ఇంటికెళ్లేటప్పుడు పెట్టెనూ బట్టల మూటలనూ మోసుకుపోతుంది. బల్లను ఎవరూ ఎత్తుకుపోరు. పద్దెనిమిదేళ్లుగా ఎవరూ ఎత్తుకుపోలేదు.

ఆమెను దేవత, కష్టజీవి అని పొగడదలచుకున్నవాళ్లు ముందు ఒకసారి ఆమెతో బేరమాడి చూడాలి. నోరు అంత మంచిది కాదు. చొక్కా కాలరు చూసి మనిషి గుణం చెప్పేస్తుంది, అదీ నలుగురి ముందు. గంజి తగ్గిందని ఒక లెక్చరరు సణిగితే, "గంజి అంతే సార్, మీ పొట్టే పెరిగింది" అంది. అయినా జనం ఆమె దగ్గరికే వస్తారు. ఆమె తీసిన మడత సాయంత్రం దాకా నిలబడుతుంది.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఎదుటి స్తంభం మీద టప్పుమని చప్పుడైంది. మిగతా అందరి కరెంటూ బాగానే ఉంది. ఆమె వైరు ఒక్కటే కాలిపోయి కిందికి వేలాడింది.

ఆమె దిగులంతా తెల్లకోట్ల గురించే. వీధి చివరి నర్సింగ్ హోమ్ నుంచి వారానికి ఇరవై రెండు వస్తాయి. ఇల్లు గడిచేది వాటి మీదే. మిగతావాళ్లంతా పెళ్లికో ఇంటర్వ్యూకో గుర్తుకొచ్చే ఖాతాదార్లు. ఇంట్లో ఈ కరెంటు పెట్టె తగిలిస్తే ఫ్యూజు పోతుంది, మేడ మీదివాళ్లు ప్లగ్గు ఇవ్వరు. అటక మీద బొగ్గుల పెట్టె ఉంది గానీ, ఒక్క నుసి మరక పడినా కోటు తిరిగొస్తుంది. హెడ్ నర్సు మొహమాటం లేకుండా చెప్పేసింది.

"సోమవారం పొద్దున కోట్లు రాకపోతే మెషీన్ లాండ్రీకి ఇచ్చేస్తామమ్మా. తర్వాత నన్ను ఆడిపోసుకోకు."

ఫోన్‌లో పన్నెండు నిమిషాలు సంగీతం విని, ఒకటి నొక్కి, నాలుగు నొక్కి, ఇస్త్రీ అక్క ఫిర్యాదు నంబరు సంపాదించింది. బుధవారం మెసేజ్ వచ్చింది: 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. వివరం: తలుపు తాళం వేసి ఉంది.'

ఆమె భర్త ట్రాలీ ఆటో నడుపుతాడు. మెసేజ్ రెండుసార్లు చదివాడు.

"ఏమే, మనకు తలుపుందా?"

"ఉంటే ఈపాటికి నువ్వు అమ్మేసి ఉందువు."

గురువారం పొద్దున మళ్లీ ఫిర్యాదు. సాయంత్రానికే మళ్లీ పరిష్కారం. మళ్లీ తాళం.

శుక్రవారం ఆమె విద్యుత్ సేవా సౌధానికి వెళ్లింది. అద్దాల గోడలు, హాలు మధ్యలో నీళ్లు రాని ఫౌంటెన్, దాని ముందు, దాన్ని ప్రారంభించిన నాయకుడి పేరు చెక్కిన రాయి. రాయి ఫౌంటెన్ కంటే పెద్దది. ఆ ఖర్చుతో ఊళ్లో స్తంభాలన్నిటికీ కొత్త వైర్లు వచ్చేవి. కానీ వైరుకు రిబ్బను కట్టి కత్తిరిస్తే ఫొటో ఏం బాగుంటుంది? టోకెన్లిచ్చే యంత్రం పాడైపోతే, పక్కనే ఒక మనిషిని కూర్చోబెట్టి చీటీల మీద అంకెలు రాయిస్తున్నారు. గోడ మీది తెరలో పచ్చటి అక్షరాలు మెరుస్తున్నాయి: 'ఈ నెల పరిష్కారాలు నూరు శాతం.'

గుమాస్తా కంప్యూటర్‌లో చూశాడు. "మీది రెండుసార్లు పరిష్కారమైందమ్మా."

"ఎవరు చేశారు?"

"సిస్టమ్ చూపిస్తోంది."

"నా దుకాణానికి తలుపే లేదు సార్. తాళం ఎక్కడ వేశారట, నా నోటికా?"

వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. గుమాస్తా మాత్రం నవ్వలేదు. "లైన్‌మన్‌కి నాలుగే ఆప్షన్లుంటాయమ్మా. బాగు చేశాం, తాళం వేసి ఉంది, చిరునామా దొరకలేదు, ఒకే ఫిర్యాదు రెండుసార్లు వచ్చింది. పని చేయలేదు అనే ఆప్షన్ ఉండదు."

"ఎందుకుండదు?"

"ఉంటే నూరు శాతం ఎలా వస్తుంది?"

అతను ఎగతాళి చేయడం లేదు. తనకు తెలిసింది ఓపిగ్గా వివరిస్తున్నాడు. పైగా ఒక సలహా కూడా ఇచ్చాడు. "ఒక తలుపు పెట్టించుకుని తెరిచి ఉంచండి. అప్పుడు తాళమని రాయలేడు."

ఆఫీసు మనిషి ఉచితంగా ఇచ్చిన సలహాను నమ్మడమనే జబ్బు చదువుకున్నవాళ్లకే కాదు, ఆమెకూ ఉంది. భర్త పాత సామాన్ల కొట్లోంచి స్నానాలగది తలుపొకటి ఆటోలో వేసుకొచ్చాడు. ఇటుకలు ఆనించి దుకాణం ముందు నిలబెట్టారు. శనివారం మూడో ఫిర్యాదు చేసి, ఆమె స్టూలేసుకుని కాపలా కూర్చుంది. మంచినీళ్లకని రెండు నిమిషాలు లేచింది. తిరిగొచ్చేసరికి లైన్‌మన్ తలుపును గోడ దాకా జరిపి, గొళ్లేనికి తాళం తగిలించి, ఫోన్ ఎత్తిపట్టుకుని ఉన్నాడు.

"ఏంటి తమ్ముడూ ఇది?"

"ఫొటో అక్కా."

"తాళం ఎవరిది?"

"నాదే."

తాళం తీసి సంచిలో, పటకారుకీ టెస్టర్‌కీ మధ్య పడేసుకున్నాడు. "రోజుకు నలభై ఫిర్యాదులక్కా, నేనొక్కణ్ణి. సాయంత్రానికి పెండింగు సున్నా చూపించకపోతే జీతం కోస్తారు. రేపు సభ కూడానాయె, ఇవాళంతా తోరణాల లైట్లతోనే సరిపోయింది." ఇతని మీద జాలిపడాలా? పడొచ్చు. కాకపోతే ఇరవై రెండు కోట్లకు ఆ జాలితో ఇస్త్రీ కాదు.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి అదే లైన్‌మన్ అదే స్తంభం ఎక్కి రంగు లైట్ల తీగ కడుతున్నాడు. వీధికి అడ్డంగా బ్యానరు: 'నూరు శాతం పరిష్కారాల విజయోత్సవ సభ'. ఇస్త్రీ అక్క రోడ్డు దాటి, స్తంభానికి ఆనించిన నిచ్చెనను తీసి, మోసుకొచ్చి తన బల్ల కింద పెట్టింది. అతను లైను ఆపించుకునే ఎక్కాడు కాబట్టి ప్రాణభయం లేదు. పరువు భయమే.

"అక్కా! నిచ్చెన!"

"ఫిర్యాదు పెట్టుకో."

"పదకొండుకి ఆయన వస్తాడక్కా!"

"రానీ. ఆయనకి ఓటేసిన బుద్ధితక్కువదాన్ని నేనే, నేనే మాట్లాడతా. నీ మోకాలి పక్కన వేలాడుతోందే, ఆ వైరు ఎవరిది?"

"మీదే."

"ఎంతసేపు పని?"

అతను వంగి చూశాడు. "అయిదు నిమిషాలు."

"కానీ మరి."

జనం పోగయ్యారు. భర్త పరుగున వచ్చాడు. "ఏమే, కేసవుతుందే! ఇచ్చెయ్యి!"

"స్టేషన్‌లో పెడితే అక్కడే ఇస్త్రీ చేసుకుంటా. వాళ్లకి కరెంటు పోదు."

కింద ఎవరో ఫోన్‌తో వీడియో తీయడం మొదలుపెట్టాక లైన్‌మన్ సంచిలోంచి పటకారు తీశాడు. నాలుగు నిమిషాల్లో వైరు బిగిసింది. లైను ఇమ్మని ఫోన్ చేశాడు. దుకాణంలో బల్బు వెలిగింది. నిచ్చెన వెనక్కి వెళ్లింది.

కిందికి దిగాక అలవాటుకొద్దీ ఫోన్ తీసి, నాలుగు ఆప్షన్లనూ పైకీ కిందికీ జరిపాడు. "ఇది ఎక్కడ రాయాలక్కా? మీది మూడుసార్లు మూసేశాం కదా. ఫిర్యాదు లేకుండా పని చేసినట్టు కనిపిస్తే నాకే మెమో ఇస్తారు."

"అయితే రాయకు."

రాయలేదు. ఆమె పేరు మీద రికార్డుల్లో జరగని పరిష్కారాలు మూడు ఉన్నాయి. జరిగింది మాత్రం లేదు. పదకొండున్నరకు మైకులో నాయకుడి గొంతు వీధంతా మారుమోగింది. నూరు శాతం అన్నప్పుడు చప్పట్లు కొట్టారు. ఇస్త్రీ అక్క తొమ్మిదో కోటు చేతుల మడత తీస్తోంది.

సోమవారం పొద్దున నర్సింగ్ హోమ్‌లో హెడ్ నర్సు ఇరవై రెండు కోట్లూ తిప్పి తిప్పి చూసుకుంది.

"వచ్చిందన్నమాట కరెంటు. చూశావా, ఊరికే కంగారుపడ్డావు. ఓపిగ్గా ఫిర్యాదు చేసుకుంటే వాళ్లే వచ్చి బాగు చేస్తారు."

ఇస్త్రీ అక్క ఆమెను ఎగాదిగా చూసింది. నోటిదాకా వచ్చినదాన్ని మింగి, ఈ వారం కోట్ల మూట భుజానికెత్తుకుని బయటికి నడిచింది.