అమ్మకు చదవని యాసీన్

మొన్నామధ్య విజయనగరం వెళ్ళి మా అన్నయ్యను చూసి వచ్చాను. కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయి నెలల తరబడి మంచాన ఉన్నాడు, మాట కూడా సగమే వస్తోంది. వాళ్ళ కోడలు మంచి పిల్లే, ఇటు ఇంటిపనీ అటు ఉద్యోగమూ చూసుకుంటూనే మామగారికి వేళకు మందులు వేస్తుంది, పొద్దున్నే తలగడ పక్కన సెల్‌ఫోను పెట్టి యాసీన్ సూరా వినిపిస్తుంది. నేను వెళ్ళేసరికి ఆ ఫోను చదువుతోంది. ఎవరో అరబ్బు దేశపాయన, కమ్మని గొంతు, ఎక్కడా తొట్రుపాటు లేదు. కుర్చీ లాక్కుని కళ్ళు మూసుకున్నానో లేదో, చచ్చినవాళ్ళు సమాధుల్లోంచి లేచే చోటికి రాగానే ఆ గొంతు టక్కున ఆగిపోయి, ఒక ఆడపిల్ల హుషారుగా ఫోము పరుపుల గురించి చెప్పడం మొదలుపెట్టింది. దూది ఏకి పరుపులు కుట్టే దూదేకులవాళ్ళ ఇంట పుట్టినదాన్ని, నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మీలో చాలామందికి ఈ సూరా సంగతి తెలియకపోవచ్చు. ఖురానులో అదొక అధ్యాయం. మనిషి మట్టిలో కలిసిపోయాక మళ్ళీ లేవడం, చేసినదానికి జవాబు చెప్పుకోవడం, ఆపైన ఉండే లోకం, అవన్నీ అందులో ఉంటాయి. ప్రాణం పోయేవాళ్ళ దగ్గర కూర్చుని దాన్ని చదివితే ప్రయాణం సుళువవుతుందని మాలో నమ్మకం. తక్కినవాళ్ళు అరబ్బీలో చదివి ఊరుకుంటారు. మా ఇంట్లో మాత్రం ఒక్కొక్క వాక్యం చదివి, ఆగి, దాని అర్థం తెలుగులో చెప్పడం ఆనవాయితీ. తాతల నాటి నుంచీ తెలుగు తప్ప మరో మాట ఎరగని వాళ్ళం, పోయే మనిషికి ఏం చదువుతున్నారో తెలియకపోతే ఎలా అనేది మా నాయనమ్మ. ఆవిడ మా అమ్మకు నేర్పింది, అమ్మ నాకు నేర్పింది. అన్నయ్యకూ నేర్పబోయింది గాని వాడు ఒకచోట కుదురుగా కూర్చునే రకం కాదు.

అప్పట్లో మేం నెల్లిమర్లలో, జూట్‌మిల్లుకు దగ్గరలో ఉండేవాళ్ళం. నాయన దూదేకే విల్లు భుజాన వేసుకుని బొబ్బిలి పక్క ఊళ్ళన్నీ తిరిగేవాడు, మిల్లు పనివాళ్ళ ఇళ్ళ పరుపులు, బొంతలు ఇంటిదగ్గర ఇంకో విల్లుతో అమ్మ చూసేది. మిల్లు కూత వినపడితే లేచి ముఖం కడిగే రోజులు. అమ్మ విల్లు నారి మీద కొయ్యతో కొడుతుంటే వచ్చే ఆ దుంయ్, దుంయ్ చప్పుడు మధ్యలోనే నేను సూరా అంతా నేర్చుకున్నాను. ఇప్పటికీ చదివేటప్పుడు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నాకు ఆ విల్లే చెబుతుంది. జుట్టులోనూ కనుబొమల మీదా దూది, అన్నంలో దూది, మా బతుకే దూది. ఇప్పటి పిల్లలకి చెబితే దుమ్ము ఎలర్జీ రాలేదా అని అడుగుతారు.

ఒకసారి నేను అమ్మను నిలదీశాను. ఎముకలు కుళ్ళి పొడైపోయాక మనిషి మళ్ళీ లేవడమేమిటి, ఎవరు చూశారు అని. ఆ సూరాలోనూ ఒకడు సరిగ్గా ఇదే అడుగుతాడు, ఆ చోటు చదువుతుండగానే నాకూ ఆ పెంకి ప్రశ్న వచ్చింది. అమ్మ కోప్పడలేదు. ఎవరో ముసలాయన ఏళ్ళ తరబడి పడుకుని రాయి చేసేసిన పరుపు ముందేసుకుని ఉంది, అందులోంచి గట్టిపడిన ఉండ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"సూడు, ఇది సచ్చిపోనాదని నువ్వనుకుంతన్నావు. నాను ఏకితే లెగుస్తాది. నా సేతికే లెగిసినప్పుడు, సేసినోడి సేతికి లెగవదేటి?"

అన్నంత పనీ చేసింది. చూస్తుండగానే ఆ ఉండ విచ్చుకుని, పొంగి, గాలికి కదిలే తెల్లటి దూది అయింది. ఆ తర్వాత నేను ఆ విషయంలో అనుమానపడింది లేదు. పక్కింటి రైతుల ముసలమ్మ కూడా మంచాన పడ్డాక, ఆ పరుపు లెగిసిన కత ఇంకోపాలి సెప్పమ్మా అని అమ్మను పిలిపించుకునేది. ఆవిడ దేవుళ్ళు వేరు, కానీ చచ్చాక ఏమవుతామన్న భయానికి మతమేముంది. అమ్మ వెళ్ళి కూర్చుని కబుర్లలా చెప్పి వచ్చేది.

అన్నయ్య పెద్దవాడై విజయనగరంలో బట్టల దుకాణం పెట్టుకున్నాడు, ఉర్దూ మాట్లాడే వాళ్ళింటి పిల్లను చేసుకున్నాడు. అందులో తప్పేమీ లేదు, వదిన ఏనాడూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. సిగ్గంతా అన్నయ్యదే. ఎవరు ఎక్కడ దూదేకులోళ్ళని అంటారో అని వాడికి ఒకటే బెంగ. నాయన పోయాక అమ్మను తన దగ్గరికి తెచ్చుకుని, అమ్మ విల్లును మాత్రం చీల్చి నీళ్ళపొయ్యిలో పెట్టించాడు. ఆ వేడినీళ్ళతోనే ఆ రోజు అమ్మ స్నానం చేసిందట. నాతో చెప్పినప్పుడు ఆవిడ ఏడవలేదు, నాకే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అమ్మకు ఇక రోజులు దగ్గరపడ్డాయని తెలిసి నేను మా అత్తవారి ఊరు బొబ్బిలి నుంచి వచ్చేశాను. అన్నయ్యా వదినా అక్కడే ఉండగా అమ్మ నా చెయ్యి పట్టుకుని ఒకే ఒక్కటి అడిగింది.

"నాకు నువ్వే సదవాల. తెలుగు కూడా సెప్పాల, వదలీకు."

ఆవిడ బతుకంతటిలో ఎవరినైనా ఏదైనా అడిగిందంటే అదొక్కటే. మూడో నాటి పొద్దున్న టిఫిన్ల వేళకు ఊపిరి మారింది. నేను తల దగ్గర కూర్చున్నాను. గది నిండా వదిన పుట్టింటివాళ్ళు, అన్నయ్యకు తెలిసిన దుకాణాలవాళ్ళు. నేను బిస్మిల్లా అని నోరు తెరిచేసరికి అన్నయ్య గబగబా వచ్చి తన అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టాడు. నా ఉచ్చారణ తప్పులట, మధ్యలో ఆ తెలుగు వింటే అందరూ నవ్వుతారట, మసీదులో హజరత్‌గారికి కబురంపాడట, ఆయన వచ్చి పద్ధతిగా చదువుతారట. ఇదంతా చెవిలో గుసగుసగా చెప్పాడు, చెయ్యి మాత్రం తియ్యలేదు. నోట్లోంచి వచ్చిన మాట వాడి అరచేతికి వెచ్చగా తగిలి ఆగిపోయింది. చావు దగ్గర గొడవపడే మనిషినైతే గొడవపడేదాన్నే, కానీ అమ్మ చెవులకు చివరగా పిల్లల పోట్లాట వినిపించకూడదని ఊరుకున్నాను. అమ్మ నా ముఖంలోకే చూస్తోంది. ఏదో రైల్వే గేటు దగ్గర ఆ హజరత్‌గారి ఆటో ఆగిపోయింది. అలా చూస్తూ చూస్తూనే అమ్మ వెళ్ళిపోయింది.

ఆయన వచ్చాక విషయం విని నిజంగా బాధపడ్డారు. పెద్దాయన, మెత్తని మనిషి. పోయే ప్రాణం దగ్గర ఎవరికి వస్తే వాళ్ళు చదవాలి కదా బాబూ, నాకోసం ఎందుకు ఆగారు, దేవుడికి మన యాస తెలియదా అన్నారు. ఇంట్లో యాసీన్ చదవడం వచ్చినవాళ్ళు ఎవరూ లేరా అని కూడా అడిగారు. అన్నయ్య నేలవైపు చూస్తూ జవాబు చెప్పాడు.

"మా ఇంట్లో ఎవరికీ రాదు హజరత్."

నేను గుమ్మం అవతలే ఉన్నాను. చెయ్యి అడ్డం పెట్టినందుకు ఏనాటికైనా క్షమించేదాన్నేమో, తత్తరపాటులో చేశాడనుకునేదాన్ని. ఆ మాటను మాత్రం క్షమించలేకపోయాను. నాయనమ్మను, అమ్మను, నన్ను ముగ్గురినీ ఒకే గోతిలో పెట్టి మట్టి కప్పినట్టు అనిపించింది. తర్వాత పెళ్ళిళ్ళకీ పండగలకీ కలిశాం, తిన్నాం, నవ్వాం కూడా. ఆ ఊసు వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మొన్న ఆ పరుపుల ప్రకటన వచ్చినప్పుడు అన్నయ్య ఎడమ చేత్తో ఫోను నెట్టేశాడు. నావైపు తిరిగి, ఎన్నో ఏళ్ళ కిందట వదిలేసిన నెల్లిమర్ల మాటలో, కూడబలుక్కుంటూ అన్నాడు.

"నువ్వు సదువే. అమ్మ సెప్పినట్టే... తెలుగులో."

అమ్మ అడిగిన నాడు తను మూసిన నా నోరు, తనకు కావాల్సిన నాడు తెరుచుకోవాలి. లేచి వెళ్ళిపోదామనుకున్నాను, చెప్పులవైపు చూశాను కూడా. కానీ పగవాడికైనా సరే అడిగితే చదవాలన్నది అమ్మ నేర్పిన మాట, ఆవిడ దగ్గర నేర్చుకున్నది ఆవిడ లెక్కప్రకారమే వాడాలి కదా. చదివాను. ఒక్కొక్క వాక్యానికీ ఆగి, అమ్మ చెప్పినట్టే చెప్పాను. ఆ రోజున నోళ్ళు మూతపడతాయి, సేతులే మాటాడతాయి, కాళ్ళు సాచ్చికం సెప్తాయి అన్న చోటికి వచ్చేసరికి అన్నయ్య దుప్పటి మీద పడి ఉన్న తన కుడి చేతిని చూసుకున్నాడు. నా నోటికి అడ్డం వచ్చింది ఆ చెయ్యే. అది దేవుడి శిక్ష అని నేననను, ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధమూ ఆడను. వాడి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నేను తుడవలేదు, తర్వాతి వాక్యం చదివాను.

ఇప్పుడు నెల్లిమర్లలో విల్లు చప్పుడు లేదు. ఫోము పరుపు పాడైతే పారేయడమే, దాన్ని ఏకి లేపేదేమీ లేదు. నా పిల్లలకు యాసీన్ రాదు, నేర్చుకోమని నేను అడిగిన రోజుల్లో వాళ్ళకు తీరిక లేకపోయింది. నా తల దగ్గరా ఫోనే పెడతారు, ప్రకటనలు లేనిది చూసి పెట్టమని చెప్పాలి. అమ్మ నాకు నేర్పింది తనకోసం. ఆవిడ ఒక్కదానికి తప్ప, అది అడిగినవాళ్ళందరికీ చదివాను.