ద్రౌపదికి జడ వేసిన రెడ్డెమ్మ

రెడ్డెమ్మ పూల అంగట్లో దేవుడి పటం ఒక్కటే ఉండేది. మిగతా గోడంతా ఆడుతున్న ఆడవాళ్లే. పూలు చుట్టి ఇవ్వడానికి తెచ్చిన పాత వారపత్రికల్లో నాట్యం చేసే మనిషి బొమ్మ కనబడితే చాలు, చించి అన్నం మెతుకులతో గోడకు అంటించేది. అరమండిలో కూర్చున్న కూచిపూడి అమ్మాయి, గోపురంలాంటి కిరీటం పెట్టుకొని వేళ్లు వెనక్కి వంచిన థాయిలాండు పిల్ల, విసనకర్ర చాటునుంచి చూస్తున్న జపాను ఆమె, చీరల కంపెనీ కేలండరులో కొంగు పట్టుకొని నిలబడిన మోడలు, అందరిదీ ఆ గోడ మీదే కాపురం.

"ఈళ్లంతా ఎవురు రెడ్డెమ్మా, మీ సుట్టాలా?" అని ఎవరైనా ఎగతాళి చేస్తే ఆమె చేతిలోని పూలు ఆపేది కాదు. "సుట్టాలైతే వంట చేసి పెట్టల్ల. ఈళ్లయితే ఊరికే సూస్తా కూసోవచ్చు" అనేది.

ఆమె మాత్రం జన్మలో నాట్యం అడుగు ఒక్కటీ వేసి ఎరగదు. పుంగనూరు దగ్గర పల్లెలో, భారతం మిట్టను ఆనుకొని, గుడి స్థలంలో ఆమె అంగడి. భారతం మిట్ట అంటే ఏడాదికొకసారి వాన కోసం పద్దెనిమిది రోజులు మహాభారతం ఆడించే చోటు. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. చివరి రోజు పొద్దున, మట్టితో చేసి పడుకోబెట్టిన దుర్యోధనుడి పెద్ద బొమ్మను భీముడు గదతో కొడితే భారతం ముగిసినట్టు. దానికో కట్టడి ఉంది. ద్రౌపది వేషం కట్టినవాళ్లు సభలో జుట్టు విరబోసుకున్న నాటి నుంచి దుర్యోధనుడు చచ్చేదాకా, వేషంలో ఉన్నా లేకున్నా, జుట్టు ముడి వేయకూడదు, పూలు పెట్టకూడదు. పెడితే ద్రౌపది శపథం చెడినట్టు, వాన తప్పిపోయినట్టు.

ఏళ్ల తరబడి ద్రౌపది వేషం మగవాడిదే. ఎంత పౌడరు కొట్టినా గొరిగిన మీసం జాడ తెలిసిపోయేది. 1996లో కమిటీ పెద్ద గంగాధరం మదనపల్లెకు పోయి అమరావతి అనే నటిని మాట్లాడుకొని వచ్చాడు. ఆమె సభలోకి వచ్చిన రోజు రెడ్డెమ్మ కళ్లప్పగించి చూసింది. అమరావతి ఏడవలేదు. పెద్దల్లో ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, నిలబడి, ఇది న్యాయమా అని అడిగింది. అడిగిన ప్రతిసారీ మడమ ఒక్కసారే నేలకు తాకించేది, గజ్జె ఒక్కసారే మోగేది. జవాబు లేక తల వంచుకున్న భీష్ముడు నిజంగానే సిగ్గుపడ్డాడని ఊళ్లో ఇప్పటికీ చెబుతారు. ఆ వేషం కట్టినవాడు అమరావతి చూపుకు పద్యం మరిచిపోయాడని నేనంటాను.

మర్నాడు రెడ్డెమ్మ మరిది ముద్దుకృష్ణ ఇంటికి పోయింది. రెండేళ్లుగా అతను తన గొర్రెల్ని ఆమె వాకిట్లోనే కట్టేస్తున్నాడు. ఎన్నిసార్లు అడగాలని బయలుదేరినా ఆమె సగం దారిలోనే వెనక్కి తిరిగేది. ఆ రోజు ఎదురుగా నిలబడి, "నా వాకిట్లో నీ గొర్రెలు యాల ఉండాయప్పా?" అంది. అంతే. సాయంత్రానికి వాకిలి ఖాళీ. ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు తెలుసు కాబట్టి, ఆ రోజు నుంచి అమరావతికి పొద్దున్నే కాఫీ, మధ్యాహ్నం పడుకోవడానికి ఇంటి పంచలో చాప రెడ్డెమ్మవే అయ్యాయి.

పద్నాలుగో రోజు మధ్యాహ్నం అమరావతి ఆ చాప మీద ఒళ్లెరగకుండా పడుకుంది. జుట్టంతా దుమ్ము, చెమట, చిక్కులు. చూడలేక రెడ్డెమ్మ నూనెగిన్నె, దువ్వెన తెచ్చుకొని తల దగ్గర కూర్చుంది. చిక్కు తీయాలనే కూర్చుంది. చిక్కు తీసిన చెయ్యి పాయలు తీసింది, పాయలు తీసిన చెయ్యి జడ అల్లింది, పక్కనే బుట్టలో ఉన్న కనకాంబరాల దండ తీసి తురిమింది. నలభైమంది ఆడవాళ్లకు రోజూ పూలిచ్చే మనిషి చేతికి శపథాలు గుర్తుంటాయా? ఎంత బాగుందో అని మురిసిపోతూ అంగట్లోకి పోయింది.

అమరావతి లేచి మొహం కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి నడిచింది. అక్కడ బిందెలతో నిలబడిన ఆడవాళ్లు ఆమె జడ చూసి నోళ్లు వెళ్లబెట్టారు. కాసేపట్లో మిట్ట మీద ఊరంతా పోగయింది. గంగాధరం నిప్పులు చెరుగుతూ వచ్చాడు.

"ఎవురమ్మా ఏసింది జడ?"

గుంపులో రెడ్డెమ్మ ఒకరి వెనక్కి జరిగింది. నోరు తెరిస్తే గుడి స్థలంలో అంగడి ఉండదు. అమరావతి ఆమె వైపు చూడనైనా చూడలేదు.

"నాదే తప్పన్నా. మతి లేకపాయె" అంది.

పసుపునీళ్లతో తలంటు పోయించారు. దుర్యోధనుడు చచ్చేదాకా ఒంటిపూట పాలు, పండ్లే అన్నారు. ఆ పాలూ పండ్లతోనే ఆమె నాలుగు రాత్రులూ తప్పకుండా ఆడింది. వాన మాత్రం నెల దాటినా పడలేదు. నింద అమరావతి మీదే పడింది. మరుసటేడు ద్రౌపదిగా వేరే మనిషి వచ్చింది. ఆ తర్వాతా అంతే.

రెడ్డెమ్మ గోడ మీదికి ఇంకో బొమ్మ చేరింది, నాటకం పోస్టరులోంచి చించిన అమరావతి. మిగతావాళ్లంతా ఆడుతున్నట్టుంటే ఆమె ఒక్కతే అడుగుతున్నట్టుండేది. ఏడేళ్లు రెడ్డెమ్మ ఆ బొమ్మకు వీపు పెట్టి కూర్చొని పూలు కట్టింది. మంచి మనిషే, కానీ భయం మంచితనాన్ని ఎంతకాలమైనా కూర్చోబెట్టగలదు.

2003లో భారతం కోసం గుడి దగ్గర కమిటీ కూడింది. ద్రౌపదికి ఎవరిని పిలవాలనే మాట వచ్చినప్పుడు ముద్దుకృష్ణ అమరావతి పేరెత్తాడు. "శపథం సెరిపిన మనిషి మనకొద్దు" అన్నాడు గంగాధరం. గుడికి దండలిచ్చి పోబోతున్న రెడ్డెమ్మ ఆగిపోయింది.

"ఆ పొద్దు జడ ఏసింది నేనన్నా. ఆయమ్మ నిద్దరపోతా ఉండె."

గంగాధరం ఆమెను ఎగాదిగా చూశాడు. "ఏడేండ్లు యాల సెప్పలేదు?"

"అంగడి పోతాదని."

"ఇప్పుడు పోదా?"

"పోతే పోనీన్నా. ఆయమ్మ మీద మాట పోవల్ల."

అంగడి పోనే పోయింది. గుడి స్థలం ఖాళీ చేయమన్నారు. ఆమె బొమ్మలన్నీ తడిగుడ్డతో నానబెట్టి ఊడదీసుకొని పుంగనూరు బస్టాండు పక్కకు మారింది. అయితే గంగాధరం ఇంకో మాట కూడా చెప్పాడు. తాంబూలం తీసుకొని పోయి అమరావతిని పిలిచే పని, మాట తెచ్చిన మనిషిదే అన్నాడు. అది శిక్ష అనుకున్నాడు పాపం. రెడ్డెమ్మకు అంతకంటే మేలు ఎవరూ చేసి ఉండరు.

అమరావతి అప్పుడు కుప్పంలో భారతం ఆడుతోంది. రెడ్డెమ్మ బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ సత్రం చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. గదిలో అమరావతి గోడకు చేరగిలబడి కూర్చొని ఉంది. కాస్త లావయింది, పాపిట్లో తెల్లవెంట్రుకలు వచ్చాయి. రెడ్డెమ్మను చూడగానే పేరుపెట్టి పిలిచింది. రెడ్డెమ్మ తాంబూలం పళ్లెం ముందు పెట్టి, కమిటీలో చెప్పినదంతా చెప్పి, బోరున ఏడ్చింది.

"నిద్దర్లో ఉండే మనిషికి జడేసి, నింద నీ మీదికి తెచ్చి, నోరు మూసుకొంటినమ్మా" అంది.

అమరావతి తాంబూలం కళ్లకద్దుకొని పక్కన పెట్టుకుంది.

"నిద్దర యాడిది రెడ్డెమ్మా? నువ్వు దువ్వెన పెట్టినప్పుడే మెలకువొచ్చె. పాయలు తీస్తాండేది తెలుస్తానే ఉండె. వద్దని సెప్పల్లనుకొంటి. అప్పటికి పదేండ్లుగా యాడికి పోయినా ద్రౌపదమ్మని నా కాళ్లకు మొక్కేవాళ్లే గానీ, తల ముట్టుకొన్నోళ్లు లేరు. మా యమ్మ పోయినాక అదే మొదులు. నేను కండ్లు తెరిస్తే నువ్వు ఆపేస్తావని, మూసుకోనే పండుకొంటి. నాదే తప్పని ఊరికే సెప్పలే."

రెడ్డెమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకొని చాలాసేపు వదల్లేదు.