వేరు పొయ్యి

మా అన్న ఆఫీసరు వేషం కట్టాడంటే నాకు భలే నవ్వొచ్చేది. వసారాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పాత ఫైలొకటి తొడమీద పెట్టుకుని, కళ్లద్దాలు ముక్కు చివరికి దించి కూర్చునేవాడు. ఎదురుగా మా అత్త చేతులు కట్టుకుని నిలబడేది. అత్తంటే మా నాయన చెల్లెలు. పెళ్లయిన రెండేళ్లకే మొగుడు పోతే పుట్టింటికొచ్చి, మా అన్ననూ నన్నూ చంకనేసుకుని పెంచిన మనిషి.

"భూమి ఎవురిది?"

"నాదే సార్."

"సేద్యం ఎవురు చేస్తాండారు?"

"నేనే సార్."

"గవర్నమెంటు ఉద్యోగం చేసేవోళ్లు, ట్యాక్సు కట్టేవోళ్లు మీ ఇంట్లో ఎవురన్నా ఉండారా?"

ఇక్కడ అత్త తడబడేది. మా ఇద్దరి మొహాలూ చూసి, "మీరుండారు గదా నాయనా" అనేది.

అన్న ఫైలు నేలకేసి కొట్టేవాడు. "ఎన్నిసార్లు చెప్పాల నీకు? నాకెవురూ లేరు సార్, అనాల. సార్ మాత్రం మరిచిపోవద్దు."

ఆ పాఠంలో మొదటి రెండు జవాబులూ నిజాలే. తమిళనాడు అంచున, ఆర్.కె.పేట పక్కనున్న ఆ మూడెకరాలు తాత పోయేముందు అత్త పేర రాశాడు. దున్నించేదీ, చెనక్కాయలు వేసేదీ, నడుం విరిగేలా కలుపు తీసేదీ ఆమే. అయినా మేం ఆ రెండు ముక్కలూ అబద్ధాలు నేర్పినట్టే నేర్పాం. ఇంట్లో 'మన చేను' అనేవాళ్లమే గాని, 'అత్త చేను' అన్న మాట నా చెవిన ఎప్పుడూ పడలేదు.

అన్న తిరుత్తణిలో సర్కారు బడి టీచరు. నేను పొద్దున్నే రైలెక్కి ఆవడి ఫ్యాక్టరీకి పోయేవాణ్ణి. జీతాలొచ్చేవాళ్లం కాబట్టి రైతులకిచ్చే సాయం మా ఇద్దరికీ అందదు. డ్రిప్పు పైపులైనా, విత్తనాలైనా, విడతలవారీగా బ్యాంకులో పడే సొమ్మయినా అత్త పేరుమీదే రావాలి. అదీ ఆమె పేరు జాబితాలో ఉన్నంతకాలమే. ఆ ఏడు ఊళ్లో కొందరి పేర్లు కొట్టేశారని విన్నాక అన్నకు నిద్ర పట్టలేదు. మూడోరోజుకు ఒక సిద్ధాంతం కనిపెట్టాడు.

"ఒక పొయ్యంటే ఒక కుటుంబంరా. అత్త మన రేషన్ కార్డులో ఉంటే మన జీతాలు ఆమె లెక్కలో పడతాయి. పేరు తీసేస్తారు. వేరు పొయ్యి పెట్టించాల."

తాలూకాఫీసులో ఒక్కమాట అడిగుంటే సరిపోయేది. కానీ మా అన్న టీచరు. ఆయన పాఠాలు చెప్పేవాడే తప్ప ఒకర్ని అడిగేవాడు కాదు. అన్న చెప్పింది నాకు వీలుగా ఉంది కాబట్టి నేనూ అడగలేదు.

అత్తకు వేరే రేషన్ కార్డు కావాలంటే ఆఫీసు నుంచి మనిషొచ్చి వేరే వంట నిజమా కాదా అని చూసి పోతాడు. చేలో మోటారు రూములో పొయ్యి పెట్టాం. రెండు గిన్నెలు, ఒక చాప, దండెం మీద అత్త చీరలు. పెళ్లికొడుకు వాళ్లు చూడ్డానికి వస్తున్నట్టు సర్దాం. వచ్చినవాడు లోపలికి తొంగి చూసి, ఉడుకుతున్న సంగటి చూసి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. అయిదు నిమిషాలు పట్టలేదు.

ఆ సాయంత్రం అత్త చాప చుట్టుకుని ఇంటికొచ్చింది. గడపలో ఎదురెళ్లింది నేనే. "మళ్లా వస్తారేమో అత్తా, కొన్నాళ్లు ఆడనే ఉండు" అన్నదీ నేనే. దీన్ని అన్నమీదకు తోసే వీల్లేదు.

ఆ కొన్నాళ్లు ఆరేళ్లయింది. అత్త గదిలోకి ముందు వాషింగ్ మెషీన్ వచ్చింది. తర్వాత నా కూతురి చదువుల బల్ల, ఆ తర్వాత మంచం. పండగలకు క్యారియర్‌లో అన్నం పంపేవాళ్లం. ఎప్పుడన్నా ఇంటిదాకా వస్తే అత్త గడప బయటే నిలబడేది. వీధిలో తెలియని బండి చప్పుడైతే ఎవరూ చెప్పకుండానే చేలోకి పరుగుతీసేది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి చీర ఎత్తిపట్టుకుని పరుగెత్తుతుంటే పిల్లలు నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను.

'సార్' కూడా ఆమె నాలుకకు అంటుకుపోయింది. మొదట్లో సరదాకే అనేది. పోనుపోను నాయనా అనడం మానేసింది. ఏటా కాగితాలు ఇచ్చి తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒకే మాట అడిగేది. "అయిపోయిందా సార్? ఇంక లోపలికి వచ్చేదా?"

"వచ్చే ఏడు చూద్దాంలే అత్తా."

పోయిన వానల్లో మోటారు రూములో నీళ్లు నిలబడ్డాయి. అత్తకు దగ్గు పట్టుకుంది. తగ్గేదాకా ఇంట్లో ఓ మూలన పడుకుంటానంది. కొత్తగా తనిఖీలు మొదలయ్యాయని, ఇప్పుడే కదిలితే ఇన్నేళ్ల కష్టమూ పోతుందని చెప్పి, దగ్గు మందు కొనిచ్చాను.

తనిఖీ నిజంగానే వచ్చింది. నాకారోజు సెలవు. మోటారు రూము ముందు కూర్చుని అత్త చేసిన సంగటీ చెనక్కాయల పచ్చడీ తింటున్నాను. ఆ పచ్చడి కోసం వారానికోసారి అక్కడికి పోయేవాణ్ణి. నా చేయి కంచంలో ఉండగానే ఒక కుర్ర ఆఫీసరు బండి దిగాడు. పట్టా చూశాడు, చేను చూశాడు, పొయ్యి చూశాడు. ఇంట్లో ఇంకా ఎవరున్నారని తమిళంలో అడిగాడు.

అత్త తడబడలేదు. తమిళంలోనే, "నాకెవరూ లేరు సార్" అంది.

"మరి ఈయనెవరమ్మా?"

అత్త నావైపు చూసింది. నా కంచంలో ఆమె చేతి ముద్ద ఉంది. "తెలీదు సార్. ఆకలేసి వచ్చినట్టుండాడు."

నాకు గర్వంగా అనిపించింది. నిజం చెబుతున్నాను, పాఠం ఇన్నాళ్లకు వంటబట్టిందని సంతోషించాను.

ఆఫీసరును బండిదాకా సాగనంపబోయాను. ఆయన నవ్వాడు. "మీరు ఆమె అన్నకొడుకే కదా, ఊళ్లో చెప్పారు. ముక్కు చూసినా తెలిసిపోతోంది" అన్నాడు. "ముసలామెను ఇక్కడెందుకు పెట్టారు? కుటుంబమంటే మొగుడూ పెళ్లామూ చిన్నపిల్లలూ, అంతే. అన్నకొడుకులు లెక్కలోకి రారు. ఆమె మీ ఇంట్లో ఉన్నా రావలసింది వస్తుంది. ఎప్పుడూ అంతే." బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు.

అక్కణ్ణుంచి పొయ్యిదాకా పది అడుగులు. ఆ పది అడుగుల్లో నాకు గదిలోని మంచం గుర్తొచ్చింది, కూతురి పరీక్షలు గుర్తొచ్చాయి, మా ఆవిడ మొహం గుర్తొచ్చింది. అన్నిటికంటే, ఆరేళ్లూ ఉత్తపుణ్యానికే అని అత్తకు నా నోటితో చెప్పాలి. సిగ్గేసింది. సిగ్గుపడ్డవాడు మంచిపని చేస్తాడని ఎవరన్నా అంటే నమ్మకండి.

అత్త చేతిలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. "ఏమన్నాడు? ఇంక లోపలికి వచ్చేదా?"

"ఇంకో సంవత్సరం చూడాలంట అత్తా."

ఆఫీసరు మెల్లగా మాట్లాడే మనిషి కాడు. అత్తకు తమిళం నాకంటే బాగా వచ్చు. ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత వంగి, గిన్నెలో మిగిలిన ముద్ద నా కంచంలో వేసింది.

"అట్నే సార్. తినండి."

నన్ను 'అండి' అనడం అదే మొదలు. నేను కూర్చుని తిన్నాను.