మత్స్యం, మాత్సర్యం, మా మామ

చేప పైకి వచ్చేది ఆకలితోనే అనుకుని, వచ్చినప్పుడల్లా దానికి బొరుగులు వేసిన మహానుభావుణ్ణి నేను. బొరుగులు నీళ్లమీద తేలాయి. నా తెలివి కూడా అక్కడే తేలిపోయింది.

అసలు నాకు చేపలెందుకు? మా మామ కోసం. రాయచూరులోనే ఆయన కూతుళ్లిద్దరి ఇళ్లూ, మా వీధి చివర ఆయన అద్దెగదీ. అల్లుళ్ల ఇళ్లలో తినడం, పడుకోవడం ఆయనకు గిట్టదు. సాయంత్రం ఒక్క చాయ్‌కి మాత్రం తప్పులేదట. ఆ చాయ్ ఏళ్లుగా మా ఇంట్లోనే. తండ్రి లేకుండా పెరిగినవాణ్ణి, ఆ చాయ్ వేళ నేను ఎవరికీ చెప్పుకోని ఆస్తి.

దాన్ని మా సడ్డకుడు, అంటే మరదలి మొగుడు, కాజేశాడు. ఇంట్లో గాజుతొట్టి పెట్టి, బొటనవేలంత చేపల గుంపు తెచ్చాడు. ఎక్కడో దక్షిణ అమెరికా వాగుల్లో పుట్టిన జాతి. పొలుసులకు బదులు రెండు పక్కలా రెండేసి వరసల గట్టి పలకలు, కవచం తొడిగినట్టు. మూతికి మీసాలు. వాటితో పొద్దంతా అడుగు ఇసుకను తడుముతూ తిరుగుతాయి. అన్నిటికంటే ఘోరం, కనుగుడ్డును గబుక్కున కిందికి తిప్పుతాయి, చూసేవాళ్లకు కన్ను కొట్టినట్టే ఉంటుంది. మామకు కొట్టాయి. మామ పడిపోయాడు.

"అల్లుడా, గవి నన్ను గుర్తుపడుతున్నయ్!" అన్నాడు మా గుమ్మం ముందు నుంచి నడిచిపోతూ. ఆగలేదు.

మీసాలు నాకూ ఉన్నాయి. వాటి కోసం ఎవరూ అంత దూరం నడిచి రాలేదు.

మర్నాడే నేనూ తొట్టి కొన్నాను. అదే చేప, ఒక్కటే. గుంపులో బతికే ప్రాణమని తెలియదు. అది మూలకు పోయి గోడవైపు మొహం పెట్టింది. ఆ సాయంత్రాల్లో నేను కూర్చున్నదీ అట్లాగే. మా ఊళ్లో చాయ్ వేళకు మనుషులకైనా కాకులకైనా బొరుగులే కదా అని గుప్పెడు వేశాను. చేప అడుగునుంచి రివ్వున పైకొచ్చి, మూతి బయటపెట్టి, మళ్లీ దిగింది. తిన్నదని ఇంకో గుప్పెడు. నీళ్లు చెడ్డాయి. అది ఇంకా తొందరతొందరగా రాసాగింది. నేనూ ఇంకా తొందరతొందరగా వేశాను.

వాసన వీధిదాకా పోయి మామను లోపలికి తెచ్చింది. వెంట సడ్డకుడు.

"గిదేంది అన్నా, చేపను పెంచుతున్నవా, ఊరబెడుతున్నవా?"

"ఆకలికి ఎగురుతుంది తమ్మీ."

"ఆకలి గాదు, ఊపిరి! నీళ్లల్ల గాలి సాలకుంటే పైకొచ్చి మింగిపోతది. పేగులతోటి ఊపిరి తీస్తది గది."

తర్వాత దీర్ఘ ప్రసంగం. మామ ప్రతి ముక్కకూ తల ఊపాడు. మా ఆవిడ చాయ్ తెచ్చేలోపు సడ్డకుడు లేచాడు, మామ తాగకుండానే అతని వెంట పోయాడు. ఆ కవచమేదో చేపకు కాదు, నాకుండాల్సింది.

నీళ్లు మార్చాను. అడుగుకు మునిగే మేత తెచ్చాను. చేపల గురించి దొరికిందల్లా చదివాను. తొలి వానలకు ఎండ విరిగాక సడ్డకుని ఫోన్: "అన్నా, గుడ్లు పెట్టినయ్! అద్దానికి అంటించినయ్! మామ కుర్చీలకెళ్లి లేస్తలేడు."

ఈసారి గాలి మింగింది నేను.

అయితే చదివిన చదువు ఊరికే పోలేదు. మామకు ఫోనియ్యమన్నాను. పెట్టిన తల్లే ఆ గుడ్లు తినేస్తుందని ఆయనకు చెప్పాను.

"అయ్యో, మరెట్ల అల్లుడా?"

"వేరే తొట్టి గావాలె మామా. నా దగ్గరుంది."

నా ఒంటిచేపను సడ్డకుని గుంపులోకి ఇల్లరికం పంపాను. గుడ్లను మామే గాజుమీంచి వేలితో మెల్లగా దొర్లించి, చెంబులో మా ఇంటికి తెచ్చాడు.

ఇప్పుడు చాయ్ మళ్లీ మా ఇంట్లోనే. గుడ్లు పగిలి వచ్చిన పిల్లలు వెంట్రుకముక్కల్లా ఇసుకమీద కదులుతుంటాయి. మామ తొట్టి ముందు కుర్చీలో. రోజూ వచ్చే సడ్డకుడు ఆయన వెనక, నిలబడి. మొదటిరోజే అతను ప్రసంగానికి గొంతు సవరించుకున్నాడు.

"మెల్లగ తమ్మీ," అన్నాను. "మాట వినబడితే పిల్లలు బెదిరి సచ్చిపోతయి."

మామ వెనక్కి తిరిగి అతన్ని ఉరిమి చూశాడు. అప్పటినుంచి మా ఇంట్లో సడ్డకుడు నోరు విప్పలేదు.

మాటలకు అవి బెదరవు. ఆ సంగతీ చదివే ఉన్నాను.